తాతగారు మింగిన అంకె

మొన్న సంక్రాంతికి మా మనుమరాలు హైదరాబాదు నుంచి వచ్చింది. ఇంజనీరింగు చదువుతోంది. పండుగ పూట కూడా లాప్‌టాపు ఒళ్ళో పెట్టుకొని టకటకలాడిస్తూంటే, "ఏమిటే తల్లీ, అంత పని?" అన్నాను.

"పనేమీ లేదు తాతయ్యా. కంప్యూటరులో అరవై నాలుగు బిట్ల గది ఒకటి వుంటుంది. అందులో పట్టే అన్నిటికన్న పెద్ద అంకె ఎంతో చూస్తున్నాను" అని తెర నా వైపు తిప్పింది.

కళ్ళజోడు సవరించుకొని చూశాను. అక్కడ 18446744073709551615 అని వుంది.

కుడి చివర నాలుగు అంకెలు చూసేసరికే నాకు ఒళ్ళు ఝల్లుమంది. తెర మీద నుంచి కళ్ళు తిప్పేసుకొని, వెనుక నుంచి ముందుకు, అయిదు, ఒకటి, ఆరు, ఒకటి అంటూ ఇరవై అంకెలూ గడగడా అప్పజెప్పాను. పిల్ల నోరు తెరిచి వినింది. విని, "అంతా సరిగ్గానే చెప్పావు గాని, మధ్యలో మూడు దగ్గర ఒక్కసారి ఎందుకు ఆగావు?" అంది.

ఈ కాలపు పిల్లల చెవులు మహా గట్టివి సుమా. ఆ మూడు దగ్గర ఎందుకు ఆగానో చెప్పాలంటే ముందు ఆ అంకె పుట్టుపూర్వోత్తరాలు చెప్పాలి.

చదరంగం కనిపెట్టినవాడు రాజుగారిని వరమడిగిన కథ పాఠకులు ఎరిగిందే. మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో దానిలో నాలుగు, ఇలా గడి గడికీ రెట్టింపు చేసి అరవై నాలుగు గడులకూ ధాన్యం ఇప్పించమన్నాడట. రాజుగారు నవ్వి, "ఇంతేనా?" అన్నాడట. ఆ "ఇంతేనా" విలువే తెర మీద కనిపించిన అంకె. మన మాటల్లో చెప్పాలంటే, లక్షా ఎనభై నాలుగు వేల నాలుగు వందల అరవై ఏడు కోటి కోట్లు, ఆపైన చిల్లర. 13వ శతాబ్దంలో ఇబ్న్ ఖల్లికాన్ అనే అరబ్బీ రచయిత ఈ కథను తన గ్రంథంలో రాసిపెట్టాడు. అంతకు రెండు శతాబ్దాల ముందే ఆల్బెరూని ఈ మొత్తాన్ని కట్టి చూపించాడు.

కంప్యూటరుకూ చదరంగానికీ ఏమి చుట్టరికమంటారా? ఆ అరవై నాలుగు బిట్లూ అచ్చంగా అరవై నాలుగు గడులే. ఒక్కొక్క బిట్టు విలువ దాని ముందరిదానికి రెట్టింపు. గడిలో గింజలు పోస్తే 1, పోయకపోతే 0. అన్ని గడులూ నింపేస్తే రాజుగారి బాకీ తేలుతుంది. ఇందులో చమత్కారమేమీ లేదు, ఒకే లెక్క రెండు చోట్ల కూర్చుంది.

ఇక నేను అప్పజెప్పిన సంగతి. మన వాళ్ళు వెనుకటికి అంకెలను మాటల్లో దాచేవారు. చంద్రుడు ఒక్కడే గనుక చంద్రుడంటే 1. వేదాలు 4, మన్మథుని బాణాలు 5, ఋతువులు 6, కులపర్వతాలు 7, దిగ్గజాలు 8, శరీరానికి రంధ్రాలు 9, ఆకాశం సున్నా. మాటలను వరసగా పేర్చి, ఒకట్ల స్థానం నుంచి ఎడమకు రాసుకుంటూ పోవాలి. ఈ పద్ధతిని భూతసంఖ్యలంటారు. 11వ శతాబ్దంలో, రాజరాజనరేంద్రుడు రాజమహేంద్రవరం ఏలుతున్న రోజుల్లో, పావులూరి మల్లన అనే కవి మహావీరాచార్యుల సంస్కృత గణిత గ్రంథాన్ని తెలుగు పద్యాల్లోకి దించాడు. లెక్కల పుస్తకాన్ని పద్యాల్లో రాయడమేమిటని ఇప్పటివారికి నవ్వు రావచ్చు. కాగితం కరువైన కాలంలో కంఠమే కదా పుస్తకం! చదరంగపు గింజల మొత్తాన్ని చెప్పే చంపకమాల ఒకటి మల్లన గారిదని పెద్దలు చెప్పుకొంటారు. మా తాతగారు నాకు నేర్పింది ఆ పద్యమే.

నాకు అప్పుడు తొమ్మిదేళ్ళు. వేసవి సెలవులు. తాతగారు అరుగు మీద పడక కుర్చీలో వాలి పద్యం చెబుతూంటే నేను నోటుబుక్కులో రాసుకున్నాను. లోపల మామిడిపళ్ళు కోస్తున్న వాసన వస్తోంది. నా ధ్యాసంతా అటే. రాయడం అయీ కాకముందే లోపలికి పరుగెత్తాను. ఆ ఏడు కార్తీకంలో తాతగారు పోయారు.

మరుసటి వేసవిలో మా బాబాయి ఒకాయన వచ్చాడు. పట్నంలో పెద్ద చదువు చదివినవాడు. నేను గొప్పగా నోటుబుక్కు చూపించాను. ఆయన మాటలను అంకెలు చేసి రాసి, వేళ్ళతో లెక్కపెట్టి, ఫక్కున నవ్వాడు. "పందొమ్మిదే వున్నాయిరా! ఇరవై వుండాలి. మీ తాత ఎక్కడో ఒక అంకె మింగేశాడు."

చుట్టూ వున్నవాళ్ళందరూ నవ్వారు. నాకు ఏడుపొచ్చింది. "తాతగారు తప్పు చెప్పరు" అన్నాను.

"అయితే పరీక్ష చేద్దాం రా" అని బాబాయి కూర్చోబెట్టాడు. ఆయన నవ్వుకు కోపమున్నా, ఆ సాయంత్రం ఆయన నేర్పిన లెక్కకు నాకు ఈనాటికీ కృతజ్ఞత వుంది. మీ పిల్లలకు చూపించండి, పెన్సిలు కాగితం చాలు.

ఎంత పెద్ద అంకెనైనా దాని అంకెలన్నీ కూడి, వచ్చిన దాన్ని మళ్ళీ కూడి, ఒక్క అంకె మిగిలేదాకా వస్తే, అది తొమ్మిదితో భాగిస్తే మిగిలే శేషం. తొమ్మిదే మిగిలితే శేషం సున్నా. గడులలోని గింజలకు ఇలా చేసి చూడండి. 2, 4, 8, ఆ తరువాత 16 కు 7, 32 కు 5, 64 కు 1, మళ్ళీ 2. ఆరేసి మెట్లకు చక్రం తిరిగి వస్తుంది. రెండును అరవై నాలుగు మార్లు వేసి గుణిస్తే, అరవైకి పది చక్రాలు పూర్తయి, నాలుగో మెట్టు మీద ఆగుతుంది. అంటే 7. మరి గింజల మొత్తం ఎప్పుడూ పై గడికి ఒకటి తక్కువ. ఒకటీ రెండూ కలిస్తే మూడు, తరువాతి గడిలో నాలుగు. ఆ మూడూ నాలుగూ కలిస్తే ఏడు, తరువాతి గడిలో ఎనిమిది. కాబట్టి మన మొత్తానికి ఏడులో ఒకటి పోయి 6 మిగలాలి.

నా నోటుబుక్కులోని పందొమ్మిది అంకెలు కూడితే 84. ఎనిమిదీ నాలుగూ పన్నెండు, ఒకటీ రెండూ మూడు. ఆరు రావలసిన చోట మూడు వచ్చింది. పోయిన అంకె 3 అన్నమాట! ఎక్కడ పోయిందో తెలియకుండానే ఏది పోయిందో తెలిసింది. (పోయింది సున్నా గాని తొమ్మిది గాని అయితే ఈ పరీక్ష రెంటికీ తేడా చెప్పలేదు. మా అదృష్టం బాగుంది.) వింతేమిటంటే, ఆ తప్పు అంకె కూడా మూడుతో భాగిస్తే నిశ్శేషంగా పోతుంది, చివర 5 వుంది గనుక అయిదుతోనూ పోతుంది. ఆ రెండు పరీక్షలే చేసి వుంటే తప్పు పట్టుబడేది కాదు.

ఎక్కడ పోయిందో తేల్చడానికి నేను రెండు సాయంత్రాలు పలక మీద రెట్టింపులు చేశాను. బాబాయి చూసి జాలిపడి, "ఒరే, ఆరు గుణకారాల పనిరా అది" అన్నాడు. రెండును రెండుతో వేస్తే 4. నాలుగును నాలుగుతో వేస్తే 16. అలాగే 256, 65536, 4294967296, ఆరోసారికి 18446744073709551616. ఒకటి తీసెయ్యి. కుడి నుంచి లెక్కపెడితే తొమ్మిదో స్థానంలో ఏడు, పదకొండో స్థానంలో ఏడు, రెంటికీ నడుమ మూడు. రెండు కొండల మధ్య నుంచి జారిపోయిన మూడు అది. అప్పటి నుంచి అప్పజెప్పినప్పుడల్లా ఆ చోట నాలుక ఒక్క క్షణం ఆగుతుంది.

మా మనుమరాలు ఇదంతా విని, "అయితే ఈ అంకె ప్రధాన సంఖ్య కాదన్నమాట" అంది. కాదు, పాపం, బొత్తిగా కాదు. నూరులో ఒకటి పోతే తొంభైతొమ్మిది, అది తొమ్మిది పదకొండ్లు. అంటే పదికి ఒకటి తక్కువ, ఒకటి ఎక్కువ. ఏ వర్గంలో నుంచి ఒకటి తీసినా ఇంతే. మన అంకె కూడా ఒక వర్గంలో ఒకటి తీసినదే గనుక 4294967295, 4294967297 గా చీలుతుంది. వీటిలో మొదటిది మళ్ళీ 65535, 65537 గాను, ఆ 65535 మళ్ళీ 255, 257 గాను, అలా ఉల్లిపొరల్లా విడిపోతుంది. చివరికి మిగిలేవి 3, 5, 17, 257, 65537. ఈ అయిదూ ప్రధాన సంఖ్యలే. ఇక చీలవు.

మరి మిగిలిన 4294967297 సంగతి? దాని వెనుక పెద్ద వ్యాజ్యం వుంది.

ఫ్రాన్సులో ఫెర్మా అనే ఆయన వుండేవాడు. వృత్తికి న్యాయాధికారి, సరదాకు గణితం. పైన చెప్పిన అయిదు సంఖ్యలూ ప్రధానాలే కాబట్టి, ఈ వరసలో వచ్చేవన్నీ ప్రధానాలే అయి వుంటాయని 1640లో ఒక ఉత్తరంలో రాశాడు. నిరూపించలేదు. మహానుభావుని మాట కదా అని తొంభై యేళ్ళు ఎవరూ కదపలేదు. 1732లో సెంట్ పీటర్స్‌బర్గ్‌లో వున్న ఆయిలర్ అనే పాతికేళ్ళ యువకుడు, ఆరోదైన 4294967297 ను 641 నిశ్శేషంగా భాగిస్తుందని చూపించాడు. భాగఫలం 6700417. తీర్పు కొట్టుబడిపోయింది.

ఆయిలర్ ఊరికే గుడ్డెద్దు చేలో పడ్డట్టు భాగించుకుంటూ పోలేదు. ఆ సంఖ్యను భాగించే ప్రధాన సంఖ్య ఏదైనా వుంటే దానిని 64తో భాగించినప్పుడు ఒకటే మిగలాలని గ్రహించాడు. చూశారా, ఇక్కడ కూడా మన 64! అలాంటి ప్రధానాలు వరసగా 193, 257, 449, 577, 641. అయిదో దెబ్బకు కోట కూలింది. మా మనుమరాలు కాగితం మీద వేసి చూసి, ఇరవై నిమిషాల్లో తేల్చింది. 1812 ప్రాంతంలో లండనులో ప్రదర్శనలిచ్చిన ఎనిమిదేళ్ళ అమెరికా పిల్లవాడు జెరా కోల్బర్న్ ఈ భాజకాన్ని నోటిలెక్కతోనే చెప్పాడట. అటువంటివారిని చూసి మన పిల్లలను తిట్టకూడదు.

ఫెర్మా వరసలో ఆ మొదటి అయిదు తప్ప మరొక ప్రధానం ఈనాటి వరకు దొరకలేదు. ఆ అయిదింటికి ఇంకో వైభవం వుంది. 1796లో పందొమ్మిదేళ్ళు నిండని గౌస్, వృత్తలేఖినితో, గీతలు లేని స్కేలుతో పదిహేడు భుజాల సమబహుభుజిని గీయవచ్చునని కనుక్కున్నాడు. బేసి భుజాలతో అలా గీయగలిగినవాటిలో, తెలిసినంతలో, అన్నిటికన్న పెద్దదానికి భుజాలెన్నో తెలుసా? ఆ అయిదింటి లబ్ధం, 4294967295. మన అంకెకు సరిగ్గా సగం వంశం. గీయడానికి ఓపిక ఎవరికుంది గాని!

అన్నీ కలిపి మన అంకెకు ఏడు ప్రధాన భాజకాలు. ఏదీ రెండోసారి రాదు. ఒక్కొక్కదాన్ని తీసుకోవచ్చు, మానవచ్చు. కనుక ఒకటీ, తానూ కలిపి మొత్తం భాజకాలు 128. గణితజ్ఞులు సంఖ్యలకు మరో పరీక్ష పెడతారు. తనను మినహాయించి మిగిలిన భాజకాలన్నీ కూడితే తనంత అయితే పరిపూర్ణ సంఖ్య. మించితే అధిక సంఖ్య, తగ్గితే న్యూన సంఖ్య. 128 భాజకాలున్న ఇంత సంసారి ఎంత సంపాదిస్తాడో అనుకుంటాం. తీరా కూడితే రూపాయికి డెబ్భై పైసలు! న్యూన సంఖ్యే.

పరిపూర్ణ సంఖ్యలు కావాలంటే చదరంగపు బల్ల మీదే వెతకవచ్చు. రెండో గడి వరకు మొత్తం 3, ఆ గడిలో గింజలు 2, గుణిస్తే 6. దాని భాజకాలు 1, 2, 3 కలిపితే 6. మూడో గడి వరకు 7, ఆ గడిలో 4, గుణిస్తే 28. అయిదో గడి వరకు 31, ఆ గడిలో 16, గుణిస్తే 496. ఏ గడి వరకు మొత్తం ప్రధాన సంఖ్య అవుతుందో, దాన్ని ఆ గడిలోని గింజలతో గుణిస్తే పరిపూర్ణ సంఖ్య వస్తుంది. యూక్లిడ్ చెప్పిన రహస్యమిది. అరవై నాలుగు గడుల్లో ఈ భాగ్యం తొమ్మిదింటికే దక్కింది: 2, 3, 5, 7, 13, 17, 19, 31, 61. ఆ 61వ గడి వరకు మొత్తం 2305843009213693951. అది ప్రధాన సంఖ్య అని 1883లో నిరూపించినవాడు పెర్వూషిన్ అనే రష్యను గ్రామ పూజారి. రాజుగారు ఇంకో మూడు గడులు ఆగకుండా వెళ్ళి ఆ భాగ్యం పోగొట్టుకున్నారు.

అదే 1883లో లూకా అనే ఫ్రెంచి గణితజ్ఞుడు ఒక ఆటబొమ్మ అమ్మకానికి పెట్టాడు. మూడు కడ్డీలు, వాటిలో ఒకదానికి గుచ్చిన బిళ్ళలు. రోజుకొక్కటి గాదు, ఒక్కసారికి ఒక్క బిళ్ళనే తీయాలి, చిన్నదాని మీద పెద్దది పెట్టరాదు, అన్నిటినీ మరో కడ్డీకి చేర్చాలి. దీనితో పాటు ఒక కథ ప్రచారమైంది. కాశీలో ఒక గుడిలో అరవై నాలుగు బంగారు బిళ్ళలున్నాయనీ, పూజారులు రాత్రింబవళ్ళు వాటిని మారుస్తున్నారనీ, పని పూర్తయిన రోజున ప్రళయం వస్తుందనీ! కాశీ వెళ్ళి వచ్చిన మా బంధువులెవరికీ ఆ గుడి కనబడలేదు. కాని లెక్క మాత్రం నిక్కం. అరవై నాలుగు బిళ్ళలకు కావలసిన ఎత్తులు మన అంకే. సెకనుకొకటి చొప్పున మార్చినా 58,400 కోట్ల సంవత్సరాలు దాటుతుంది. శాస్త్రజ్ఞులు చెప్పే విశ్వం వయస్సు 1,380 కోట్లు. మన పురాణాల లెక్కన బ్రహ్మకు పగలు 432 కోట్లు గనుక, 135 పగళ్ళు పడుతుంది. ప్రళయానికి తొందరేమీ లేదు.

మా ఆవిడ వంటింట్లో నుంచి, "ఇంతకీ ఆ బియ్యం ఎన్ని బస్తాలు?" అని అడిగింది. ఇంటి లెక్క అంటే అది. మనుమరాలు త్రాసు మీద 20 గ్రాముల బియ్యం తూచి లెక్కపెట్టింది. వెయ్యికి కాస్త అటూ ఇటూ వచ్చాయి. గ్రాముకు యాభై వేసుకుంటే మొత్తం సుమారు 36,900 కోట్ల టన్నులు. మన దేశమంతటా 2023-24లో పండిన బియ్యం 13.78 కోట్ల టన్నులు. ఒక్క మెతుకు ఎవరూ తినకుండా దాచినా ఇంచుమించు 2,700 సంవత్సరాల పంట కావాలి. "అయితే ఆ రాజు ఇవ్వలేదన్నమాట" అని మా ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది.

అప్పుడు పిల్ల అడిగింది: "తాతయ్యా, మరి ఆ మూడును మింగింది ముత్తాతగారేనా? రాసుకున్నది నువ్వు కదా!"

అరవై యేళ్ళు దాటింది. ఆ ప్రశ్న నేనెప్పుడూ వేసుకోలేదు. బాబాయి నవ్వినప్పుడు ఏడ్చానే గాని, ఆ తరువాత నేనూ ఈ కథను "మా తాతగారు ఒక అంకె మింగేశారు" అని నలుగురిలో చెప్పి నవ్వించినవాణ్ణే.

అటక మీద ట్రంకుపెట్టెలో నుంచి నోటుబుక్కు తీయించాను. అచ్చులో ఆ పద్యాన్ని నేను ఏనాడో చూశాను. పోయిన మాట అగ్ని. అగ్నులు మూడు. కాని నా రాతతో పోల్చి చూడాలని తోచలేదు. ఇప్పుడు ఒక్కొక్క పాదానికి అక్షరాలు వేళ్ళ మీద లెక్కపెట్టాను. చంపకమాలకు పాదానికి 21 అక్షరాలు. మిగిలిన పాదాలు సరిపోయాయి. మొదటి పాదంలో 20 వచ్చాయి. మళ్ళీ లెక్కపెట్టాను. ఇరవయ్యే.

మా తాతగారు భాగవతం చదివి అర్థం చెప్పిన మనిషి. ఎదుటివాడు పద్యంలో గణం తప్పితే చుట్ట నోట్లో నుంచి తీసి, తల అడ్డంగా వూపి, మళ్ళీ మొదటి నుంచి చదివించేవారు. ఒక అక్షరం లోపించిన పాదం ఆయన నోట రాదు. వచ్చినా ఆయన చెవి ఒప్పదు. అరుగు మీద ఆయన సరిగ్గానే చెప్పారు. మామిడిపండు మీద మనసున్న తొమ్మిదేళ్ళవాడు ఒక మాట వదిలేసి లోపలికి పరుగెత్తాడు.

పెన్సిలు తెచ్చి ఇమ్మన్నాను. రెండు కొండల మధ్య కాస్త జాగా చేసుకొని "అగ్ని" అని రాసి, పక్కన ఆనాటి తారీకు వేశాను.